పదవి లేని ఎంపీకి ఏది మేలు: సవరణా, సొంత బిల్లా, ఏటేటా తలుపు తట్టడమా?

1965 నవంబర్ 8న బ్రిటన్‌లో ఒకే రోజు రెండు చట్టాలకు రాజామోదం దొరికింది. ఒకటి హత్య కేసుల్లో ఉరిని ఆపింది, రెండోది జాతి వివక్షను అక్కడ మొదటిసారి చట్టవిరుద్ధం చేసింది. రెండింటి వెనకా ఏళ్ల తరబడి పోరాడింది మంత్రులు కాదు, వెనక బెంచీల్లో కూర్చున్న ఇద్దరు లేబర్ ఎంపీలు: సిడ్నీ సిల్వర్‌మన్, మన కలకత్తాలో పుట్టిన ఫెనర్ బ్రాక్‌వే. దారులు మాత్రం వేరు.

సిల్వర్‌మన్ మొదట సవరణతో ప్రయత్నించారు. 1948లో ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ జస్టిస్ బిల్లులోనే, ఐదేళ్లపాటు ఉరి ఆపాలనే క్లాజు చేర్పించి, దిగువ సభ కామన్స్‌లో 245–222తో గెలిచారు కూడా. ఎగువ సభ లార్డ్స్ కొట్టేసింది. ఆ ఒక్క క్లాజు కోసం మొత్తం బిల్లును పోగొట్టుకోవడానికి ప్రభుత్వం సిద్ధపడలేదు. సవరణతో చిక్కు ఇదే, బండి వేరేవాళ్లది.

ఆ ఆలస్యానికి మూల్యం ఎంతో 1953 జనవరిలో తెలిసింది. డెరెక్ బెంట్లీకి 19 ఏళ్లు. పోలీసును కాల్చింది అతను కాదు, అతనితో ఉన్న 16 ఏళ్ల కుర్రాడు, వయసు చాలక ఉరి తప్పింది వాడికి. ఉరి ఆపమని సుమారు 200 మంది ఎంపీలు సంతకాలు పెట్టినా ఉరికి ముందు చర్చకు స్పీకర్ ఒప్పుకోలేదు. సంతకాలు అలాగే ఉండగా బెంట్లీని ఉరితీశారు. ఇది ఎప్పుడు చదివినా నాకు మనసు పాడైపోతుంది.

తర్వాత సొంత బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ తన పేరున పెట్టే బిల్లు. 1956లో మళ్లీ కామన్స్‌లో గెలుపు, మళ్లీ లార్డ్స్‌లో 238–95తో ఓటమి. 1964 చివర్లో విల్సన్ ప్రభుత్వం సభా సమయం ఇవ్వడంతో అదే పని నెగ్గింది, కాకపోతే ఐదేళ్లలో పార్లమెంటు మళ్లీ ఆమోదించకపోతే చట్టం చెల్లదనే మెలిక పెట్టారు.

బ్రాక్‌వేది మూడో దారి. టెన్ మినిట్ రూల్ కింద పది నిమిషాలు మాట్లాడి బిల్లు పెట్టొచ్చు, ఎంపీల సొంత బిల్లులకు సమయం పంచే లాటరీలో పేరు రానక్కర్లేదు. 1956 నుంచి వివక్షపై బిల్లు పెడుతూనే వచ్చారు, ఒక్కటీ చట్టం కాలేదు. అయినా ఆ అంశం సభలో మరుగున పడకుండా నిలబెట్టింది ఆయనే. 1964 ఎన్నికల్లో 11 ఓట్ల తేడాతో సీటు పోయింది, మరుసటి ఏడు ప్రభుత్వమే చట్టం తెచ్చింది. అది హోటళ్లు, పబ్బులు, సినిమా హాళ్లలాంటి చోట్లకే సరిపోయింది. ఉద్యోగాల కోసం, అద్దె ఇళ్ల కోసం తిరిగే వలసవాళ్లు 1968 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే నా ఓటు సొంత బిల్లుకే, ప్రభుత్వం సమయం ఇస్తుందన్న ఆశ ఏ కొంచెం ఉన్నా సరే. ఆ ఆశే లేనప్పుడు బ్రాక్‌వే దారే దిక్కు, ఫలితం వేరే వాళ్ల కలం నుంచి, కాస్త పలచబడి వస్తుందని తెలిసి కూడా. సవరణ నా ఆఖరి ఎంపికే.

సిల్వర్‌మన్ 1968 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆ ఐదేళ్ల మెలిక తీసేసి ఉరి రద్దును శాశ్వతం చేసింది 1969 డిసెంబర్‌లో.