పెట్టె మీద ఏం రాయమంటారు? ఒంగోలులో ఒక శవపెట్టెల షాపు గురించి

రేటింగ్: అయిదుకి నాలుగు.

ఇలాంటి షాపులకి రివ్యూలు ఉండవు. పెట్టె వాడినవాళ్ళు రాయలేరు, కొన్నవాళ్ళకి రాసే ఓపిక ఉండదు. కానీ మా ప్రకాశం జిల్లాలో ఒకే ఇంట్లో సగంమంది చర్చికీ సగంమంది గుడికీ వెళ్ళే కుటుంబాలు బోలెడు. ఎవరైనా పోయిన రాత్రి వాళ్ళకి ఎవరిని అడగాలో తెలియదు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాదీ అలాంటి ఇల్లే. అమ్మ వాళ్ళది తరాలుగా బాప్టిస్టు కుటుంబం. నాన్న హిందువుగా పుట్టారు, గుడికీ వెళ్ళేవారు కాదు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యారు. ఆదివారం అమ్మని స్కూటర్ మీద చర్చి దగ్గర దింపి, ఆరాధన అయ్యేదాకా గేటు బయట వేపచెట్టు కింద పేపరు చదువుతూ కూర్చునేవారు. లోపలి మైకు ఆయనకి బాగానే వినపడేది. పాటలన్నీ నోటికి వచ్చు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. అమ్మ అడగడం మానేసి కూడా చాలా ఏళ్ళయింది. సమాధుల తోటలో అమ్మ పేరున కొని పెట్టుకున్న చోటు పక్కనే తననీ పెట్టమని మాత్రం అందరి ముందూ చెప్పారు. నాన్న పోయాక చిన్నాన్నలు దహనం చేద్దామన్నారు గానీ ఆ మాట గుర్తు చేశాక ఊరుకున్నారు. అలా అర్ధరాత్రి పెట్టె కోసం వెతకడం మొదలుపెట్టాం.

షాపు పేరు రాయను. ఆసుపత్రుల వీధిలో, షట్టరు మీద సిలువ బొమ్మ ఉన్నది అదొక్కటే, ఆటోవాళ్ళందరికీ తెలుసు. రాత్రి ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తారు. ఓనరు ఆర్సీఎం (రోమన్ కాథలిక్) ఆయన, అరవై దాటి ఉంటాయి, వాళ్ళ నాన్న కాలం నుంచి వడ్రంగం. మనిషి నిదానం. "ముందు ఫ్రీజర్ బాక్స్ పంపిస్తాను, పెట్టె సంగతి పొద్దున్న మాట్లాడుకుందాం, ఇప్పుడు కంగారుపడి ఏదో ఒకటి చెప్పొద్దు" అన్నారు. అమ్ముకునే మనిషి నుంచి ఆ మాట నేను ఎదురుచూడలేదు. అరగంటలో బాక్స్ ఇంటికొచ్చింది. చల్లదనం బాగానే ఉంది, కంప్రెసర్ చప్పుడు మాత్రం భరించలేం. ప్రార్థన చేసేటప్పుడు రెండుసార్లు ప్లగ్గు తీసి పెట్టాం.

పెట్టెల్లో మూడు రకాలున్నాయి. ప్లైవుడ్ 8,000, వేప 14,000, టేకు అడిగితే చేసిస్తారు, ధర చెప్పడానికి ఆయనకే మొహమాటం. మేం వేపది తీసుకున్నాం. పని శుభ్రంగా ఉంది, మూలలు బాగా కలిశాయి, లోపల తెల్ల శాటిన్, దిండు కూడా కుట్టించి పెట్టారు. పిడులు ఇత్తడివి అన్నారు, కావు. రంగు వేసిన ప్లాస్టిక్. మోసేటప్పుడు ఒకటి కదిలింది. అర మార్కు అక్కడ పోయింది.

అసలు చెప్పాల్సింది పెట్టె గురించి కాదు, ఆ షాపులో ఉన్న సొరుగు గురించి. పెట్టె మూత మీద బిగించే రేకు ప్లేట్లు అందులో ఉంటాయి, వచనాలు ముందే రాసి పెట్టినవి. ఆయన పొద్దున్నే అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, నాన్నగారు బాప్తిస్మం తీసుకున్నారా?"

నాకు ఒళ్ళు మండింది. అప్పటికే ఆ ప్రశ్న ఇంటి దగ్గర నలుగురు అడిగారు. ఆయన నా మొహం చూసి, "నాకెందుకమ్మా, ప్లేటు కోసం అడిగాను" అని సొరుగు లాగి చూపించారు.

నేను ఇంటర్ పిల్లలకి చరిత్ర చెబుతాను. పాపం, రక్షణ (పాపం నుంచి విడుదల), నమ్మనివాళ్ళ గతి గురించి క్రైస్తవుల్లో ఎన్ని అభిప్రాయాలున్నాయో ఆ సొరుగులో కనిపించినంత వరసగా నాకు ఏ క్లాసులోనూ కనిపించలేదు. ఆర్సీఎం వాళ్ళకి యేసు బొమ్మ ఉన్న సిలువ, "నిత్య విశ్రాంతి దయచేయండి" అన్న ప్రార్థన. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించవచ్చని, ఉత్తరించు స్థలంలో శుద్ధి అవుతారని వాళ్ళ నమ్మకం, కాబట్టి ఆ ప్లేటు ఇంకా ఏదో అడుగుతూ ఉంటుంది. బాప్టిస్టులకి ఖాళీ సిలువ, "ప్రభువునందు మృతినొందు మృతులు ధన్యులు". అడగడానికి ఇంకేం లేదు, అయిపోయింది. బ్రదరెన్ వాళ్ళు సిలువే వద్దంటారట, వచనం చాలు. సబ్బాతు వాళ్ళకి, అంటే శనివారం ఆరాధించే అడ్వెంటిస్టులకి, "పరలోక యాత్ర" అన్న ప్లేటు ఇవ్వకూడదని ఆయన చెప్పారు. ఒకసారి ఇచ్చి తిట్లు తిన్నారట. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలోనే ఉంటారని, దుష్టులు చివరికి అగ్నిలో లేకుండా పోతారే గానీ యుగయుగాలు కాలుతూ ఉండరని అడ్వెంటిస్టుల బోధ. వడ్రంగికి అది వ్యాపారం వల్ల తెలిసింది.

మా సంఘం పెద్ద ఒకాయన ఆ రాత్రే ఇంటికొచ్చి, పరామర్శ అయిన వెంటనే అన్న మాట ఇది: "ఆయన విషయంలో ఆలస్యం అయిపోయిందక్కా." అమ్మ ఏడుపు ఆపి ఆయన వైపు చూసింది. "సిలువ మీద దొంగకి ఎవరు బాప్తిస్మం ఇచ్చారండీ?" యేసు పక్క సిలువ మీద చనిపోతూ పరదైసు మాట పొందిన దొంగ గురించి అడిగింది.

"వాడు నోటితో అడిగాడు కదమ్మా, నన్ను జ్ఞాపకం చేసుకోమని."

"ఈయన నాతో నోటితో ఏం అన్నాడో మీరు విన్నారా?"

ఆయన దగ్గర జవాబు లేదు. అమ్మ కూడా నాన్న ఏమన్నారో చెప్పలేదు, నాకూ చెప్పలేదు.

మా చర్చి పాస్టరు అయ్యగారు మాత్రం మెత్తగానే మాట్లాడారు. ఇంటి దగ్గరా సమాధి దగ్గరా ప్రార్థన చేస్తానన్నారు, చర్చి లోపలికి పెట్టె తేవడం కమిటీ ఒప్పుకోదన్నారు. "నరకమని నేను అనను, పరలోకమని చెప్పి మిమ్మల్ని మోసం చేయను" అన్నారు. ఆ క్షణంలో కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తన లెక్క ప్రకారం నిజాయితీగానే ఉన్నారు. బాప్టిస్టులకి బాప్తిస్మపు నీళ్ళు రక్షించవు, విశ్వాసం రక్షిస్తుంది. నీళ్ళు దానికి బహిరంగ సాక్ష్యం. సాక్ష్యం లేనప్పుడు సంఘం ఏమని చెప్పగలదు? ఆదాము నుంచి అందరూ పాపం కింద ఉన్నారు, "పాపమువలన వచ్చు జీతము మరణము", క్రీస్తు ద్వారా తప్ప తండ్రి దగ్గరికి దారి లేదు. ఈ మూడు మాటల్లో ఒక్కటి తీసేసినా మా చర్చి మా చర్చి కాదు. నేనూ వాటిని తీసేయలేను.

అయితే మా ఊరి చరిత్రే ఈ లెక్కని కొంచెం కదిలిస్తుంది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒక్కో తడవకి ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి. అమ్మ ముత్తాత ఆ రోజు వాళ్ళలో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ లెక్క మా వాళ్ళందరికీ కంఠస్థం. అడగని ప్రశ్న వేరే ఉంది: ఆ ఏడాదిలో, నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఆకలితోనో కలరాతోనో పోయినవాళ్ళు? వాళ్ళ పెట్టెల మీద, పెట్టెలంటూ ఉండి ఉంటే, ఏం రాయాలి? మా వాళ్ళలో ఎవర్ని అడిగినా వాళ్ళు రక్షణలోనే ఉన్నారంటారు, ఒక్క నిమిషం తడబడరు. కాథలిక్కులైతే దానికి ఆశ బాప్తిస్మం అని పేరు కూడా పెట్టారు. సరే, నమ్మి నీళ్ళు అందనివాళ్ళకి తలుపు తెరిచే ఉంది.

మరి అసలు వినని వాళ్ళు? దీని మీద పెద్ద చర్చిలే మాట మార్చుకున్నాయి. 1442లో ఫ్లోరెన్స్ మహాసభలో పోపు ఇచ్చిన శాసనం అన్యుల్నీ యూదుల్నీ, చావకముందు సంఘంలో చేరకపోతే, నిత్యాగ్నికి పంపింది. అదే రోమన్ కాథలిక్ సంఘం 1964లో రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త తెలియని మనిషి దేవుణ్ణి చిత్తశుద్ధితో వెతుకుతూ మనస్సాక్షి ప్రకారం నడుచుకుంటే రక్షణ పొందగలడని రాసింది. పౌలు రోమీయులకి రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, యూదుల ధర్మశాస్త్రం లేని అన్యజనుల మనస్సాక్షి గురించి చెప్పిన మాటలు పట్టుకుని ప్రొటెస్టెంట్లలో కూడా ఇలా అనేవాళ్ళున్నారు.

నాకు ఇక్కడే చిక్కు. ఈ తలుపు కూడా మా నాన్నకి సరిపోదు. వినలేదని ఎలా అంటాం? గేటు బయట కూర్చుని అన్నేళ్ళూ విన్నారు. వినని వాళ్ళ మీద పుస్తకాలు రాసిన పండితులకి, విని ఊరుకున్న లైన్‌మన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం ఉండదు. కాదన్నాడా అంటే కాదనలేదు. ఒప్పుకున్నాడా అంటే ఒప్పుకోలేదు. అందరూ చివరికి దేవుడి దగ్గరికి చేరతారని మూడో శతాబ్దపు వేదాంతి ఓరిజెను కాలం నుంచీ కొందరు అంటూనే ఉన్నారు గానీ, నేను అంత దూరం వెళ్ళలేను. హిట్లర్ గురించి ఏటా పిల్లలకి చెప్పేదాన్ని, తీర్పే లేదంటే నాకు నిద్రపట్టదు. బైబిల్లో అబ్రాహాము, పాపానికి నాశనం కాబోతున్న సొదొమ ఊరి గురించి బేరమాడుతూ దేవుణ్ణి అడిగిన ప్రశ్న ఉంది: "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" నేను ప్రస్తుతానికి అక్కడే కూర్చున్నాను. అంతకు మించి సంఘ పెద్దకి తెలిసినట్టు నాకు అనిపించలేదు.

ఇదంతా షాపాయనకి చెప్పలేదు. తీసుకోలేదండీ అని మాత్రం అన్నాను. ఆయన సొరుగు అడుగు నుంచి ఒక ప్లేటు తీశారు: "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక."

"రెండు రకాలవాళ్ళూ ఉన్న ఇళ్ళకి ఇదే ఇస్తానమ్మా. ఇంతవరకు ఏ అయ్యగారూ వద్దనలేదు, ఏ చిన్నాన్నా వద్దనలేదు."

బైబిల్లో ఆస్తీ పిల్లలూ పోయిన యోబు మాట అది. యోబు అబ్రాహాము సంతానమని ఎక్కడా లేదు, ఊజు దేశస్థుడు. సున్నతి ఊసు లేదు, ధర్మశాస్త్రం ఊసు లేదు. అలాంటివాణ్ణి దేవుడు "నా సేవకుడు" అన్నాడు. షాపాయన అదంతా ఆలోచించి ఎంచుకున్నాడని నేను అనుకోను, గొడవలు రాకుండా ఎంచుకున్నాడు. అయినా దాన్ని మించింది నేను వెతికి తేలేకపోయేదాన్ని. అమ్మకి "ప్రభువునందు నిద్రించిరి" అని ఉండాలని ఉంది. ఫోన్‌లో చదివి వినిపిస్తే కాసేపు ఆగి, "సరే, అబద్ధం కాదుగా" అంది.

షాపులో ఒక గోడ వారగా చిన్న పెట్టెలు ఉన్నాయి, తెల్లరంగు వేసినవి. వాటి ధర అడిగితే చెక్క ఖర్చే తీసుకుంటానన్నారు, కూలి తీసుకోరట. వాటి మీద ప్లేటు ఒకటే రకం, అన్ని సంఘాలకీ: "చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి". బాప్తిస్మం లేకుండా పోయిన పసిపిల్లలకి నరకంలో తేలికైన శిక్ష ఉంటుందని పాతకాలపు వేదాంతి అగస్టీను అన్నాడు. తర్వాత శతాబ్దాలపాటు వాళ్ళని పరలోకమూ నరకబాధా లేని లింబో అనే చోట ఉంచారు. 2007లో కాథలిక్ వేదాంతుల సంఘం, వాళ్ళు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని తేల్చింది. ఆర్సీఎం షాపాయన ఆ ప్లేటు 2007 కంటే ముందు నుంచే అమ్ముతున్నాడు.

మిగతా సర్వీసు త్వరగా చెప్పేస్తాను. అంతిమయాత్ర బండి టైముకి వచ్చింది, డ్రైవరు తాగలేదు (అడిగి చూసుకోండి, వేరే చోట మా బంధువులకి ఆ అనుభవం ఉంది). పూలదండలు వీళ్ళ దగ్గర కొనకండి, మార్కెట్లో సగం ధరకే దొరుకుతాయి. డబ్బులు ఆ రోజే ఇమ్మని అడగలేదు, ఆదరణ కూడిక అయ్యాక వెళ్ళి కట్టాం. బిల్లులో ముందు చెప్పనివి ఏమీ కలపలేదు. ప్లేటుకి రెండు స్క్రూలే బిగించారు, దించేటప్పుడు ఒక పక్క లేచింది. నాలుగు వేయమని చెప్పండి. ఇంకో అర మార్కు దానికి.

రెండు మతాలున్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. సమాధుల తోటలో చోటు కొన్నప్పుడు కమిటీ ఇచ్చిన రసీదు మీద "కుటుంబం" అని ఉందో, "సభ్యులు" అని ఉందో ఇప్పుడే తీసి చూసుకోండి. మా దాని మీద "కుటుంబం" అని ఉంది కాబట్టి కమిటీవాళ్ళు వాదించలేకపోయారు. షాపాయనే ఆ రసీదు వెతకమని చెప్పింది. బీరువాలో అమ్మ చీరల కింద దొరికింది.