సోలార్ అనుమతుల ఫైలు: ఆరేళ్ల తర్వాత

మా ఇంటి పైకప్పు మీద పన్నెండు సోలార్ ప్యానెళ్లు బిగించి ఆరేళ్లు దాటింది. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఎండ ఉంటే కరెంటు ఇస్తున్నాయి, దుమ్ము పడితే కడుగుతున్నాను. నేను రాయదలచుకున్నది వాటి కోసం తీసుకున్న అనుమతుల గురించి. బిగించడానికి రెండు రోజులు పడితే అనుమతులకు, తనిఖీలకు కలిపి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు తిట్టుకున్న వాటిలో సగాన్ని ఇప్పుడు తిట్టబుద్ధి కావడం లేదు. మిగతా సగాన్ని ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను.

అనుమతి అంటే ఒకే కాగితం అనుకున్నాను. కట్టడం సంగతి చూసేది స్థానిక సంస్థ, వైరింగ్ చూసేది విద్యుత్ తనిఖీ అధికారి, లైనుకు కలపడానికి ఒప్పుకోవలసింది విద్యుత్ సంస్థ. ఒకచోట పని అయితే రెండోచోట అయినట్టు కాదు. ఏ ఊరి లెక్క ఆ ఊరిదే. చిన్న వ్యవస్థలకు కట్టడ అనుమతి అక్కరలేదనే చోట్లూ ఉన్నాయి. పక్క ఊళ్లోని బంధువు అలాంటి చోట ఉన్నాడు. ఆయన మాట నమ్మి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను.

పైకప్పు బరువు మోస్తుందా అన్నది నా భయం. ఒక్కో ప్యానెలు 22 కిలోలు, పన్నెండు కలిపితే 264, పైన ఫ్రేముల బరువు. ఇంజినీరు ఆ లెక్క ఒక నిమిషంలో ముగించి గాలి గురించి అడగడం మొదలుపెట్టాడు. వాలుగా నిలబెట్టిన ప్యానెలు కిందికి గాలి దూరితే అది తెరచాపలా పైకి లేస్తుందట. కాబట్టి బోల్టు ఎంత లోతుకు దిగుతుంది, ఒక్కో కాలికి ఎన్ని బోల్టులు, అంచు నుంచి ఎంత దూరం అన్నవే ఆయన ప్రశ్నలు. అగ్నిమాపక సిబ్బంది నడవడానికి దాదాపు మీటరు దారి వదలాలన్నారు. అక్కడ రెండు ప్యానెళ్ల చోటు పోయింది. పద్నాలుగు అనుకున్నవి పన్నెండయ్యాయి.

అన్నిటికంటే విలువైన అభ్యంతరం వైరింగ్ డ్రాయింగు మీద వచ్చింది. కాంట్రాక్టరు పన్నెండు ప్యానెళ్లనూ ఒకే స్ట్రింగులో వరసగా కలిపాడు. ప్యానెలు వెనక లేబులు మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (దేనికీ కలపనప్పుడు ఉండే వోల్టేజీ) 48, అంటే మొత్తం 576 వోల్టులు. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు తట్టుకునేది 600. చూడటానికి సరిపోయినట్టే ఉంది. కానీ ఆ 48 అన్నది 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె. చలి పెరిగేకొద్దీ ప్యానెలు వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం చొప్పున. 5 డిగ్రీల ఉదయం మొదటి ఎండ పడగానే అది 610 దాటుతుంది. డ్రాయింగు పరిశీలించిన ఆయన ఎర్ర పెన్నుతో ఆ ఒక్క అంకె చుట్టూ గీత గీసి వెనక్కి పంపాడు. ఆరేసి చొప్పున రెండు స్ట్రింగులుగా మార్చాం. ఇన్వర్టరు అమ్మినవాళ్లు గానీ, బిగించినవాళ్లు గానీ ఈ ముక్క చెప్పలేదు.

మరి తిడుతున్న సగం? చివరి తనిఖీ. నీళ్ల ట్యాంకు నీడ పడుతోందని బిగించే రోజున ఒక వరసను కాస్త పక్కకు జరిపారు. మంచి పనే. కానీ డ్రాయింగులో పాత చోటే ఉంది. అధికారి టేపు పెట్టి కొలిచి, మీటరు బోర్డు దగ్గర హెచ్చరిక స్టిక్కరు కూడా లేదని రాసి వెళ్లిపోయాడు. స్టిక్కరు సంగతి న్యాయమే. మెయిన్ స్విచ్ ఆపినా పగటిపూట ప్యానెళ్ల వైర్లలో కరెంటు ఉంటుంది, లోపలికి వచ్చేవాడికి అది తెలియాలి. డ్రాయింగును సవరించి మళ్లీ తేదీ తీసుకోవడానికి మాత్రం నెల రోజులు పట్టింది.

తనిఖీ అయ్యాక కూడా, బయటికి వెళ్లే కరెంటును విడిగా లెక్కగట్టే కొత్త మీటరు వచ్చేదాకా స్విచ్ వేయకూడదు. ప్యానెళ్లు ఎండలో ఖాళీగా కూర్చున్నాయి. "వేసేయండి, ఎవరు చూస్తారు?" అన్నాడు కాంట్రాక్టరు. వేయకపోవడం నా అదృష్టం. కొన్ని పాత ఎలక్ట్రానిక్ మీటర్లు బయటికి వెళ్లే కరెంటును కూడా వాడకం కిందే లెక్క కడతాయి. తెలిసినవాళ్లలో ఒకరు తొందరపడి, తాము పంపిన కరెంటుకు తామే బిల్లు కట్టారు.

విద్యుత్ సంస్థతో ఒప్పందం కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం నా తప్పు. లైనులో కరెంటు పోతే ఇన్వర్టరు కూడా వెంటనే ఆగిపోవాలని అందులో స్పష్టంగా ఉంది. లేకపోతే లైను మీద పనిచేసేవాడి ప్రాణానికే ముప్పు. బిగించిన రెండో నెలలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, నెత్తిన అంత ఎండ పెట్టుకుని ఫ్యాను తిరగక విస్తుపోయి కూర్చున్నాం.

తర్వాతి ఏళ్లలో ఆ ఫైలు చాలాసార్లు బయటికి వచ్చింది. మూడో ఏట కప్పు కారితే ప్యానెళ్లన్నీ దించి మళ్లీ బిగించారు. బోల్టుల కొలతలు డ్రాయింగులో ఉండబట్టి పాత రంధ్రాలే వాడగలిగాం. ఐదో ఏట ఇన్వర్టరు పాడైంది. మోడల్ మారితే విద్యుత్ సంస్థకు తెలియజేయాలన్నారు. ఒక్క పేజీ, వారంలో అయిపోయింది. కాంట్రాక్టరు అప్పటికే వ్యాపారం మూసేశాడు, వచ్చిన కొత్త ఎలక్ట్రీషియనుకు ఏ వైరు ఎటు పోతుందో చెప్పింది ఆ డ్రాయింగే. మార్కులు వేయమంటే నియమాలకు పదికి ఎనిమిది, వాటిని నడిపిన తీరుకు మూడు వేస్తాను.

ఇప్పుడు బ్యాటరీకి దరఖాస్తు పెట్టాను. పడకగదిలో పెట్టకూడదు, తలుపులకూ కిటికీలకూ ఎంత దూరమో గీసి చూపాలి అన్నారు. ఈసారి గోడకు సుద్దతో గీత గీసి, టేపుతో రెండుసార్లు కొలిచి, ఆ తర్వాతే డ్రాయింగు గీయించాను.