పండుగాడితో కార్ఫ్ కోట

కుక్కని వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లో కోటలు చూడాలనుకుంటే, పైకప్పు ఉన్నవాటికంటే కూలిపోయినవే నయం. కప్పున్న కోటల్లో తివాచీలు, తెరలు, పాతకాలపు కుర్చీలు ఉంటాయి కాబట్టి కుక్కని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. మా ఆయన లోపల, నేను బయట, మళ్లీ అటూ ఇటూ. డోర్సెట్‌లోని కార్ఫ్ కోటలో ఆ తిప్పలు లేవు. పొట్టి లీష్ మీద ఉంచితే మా కుక్క పండుగాడు కూడా కొండపైదాకా మనతోనే వచ్చేస్తాడు.

లండన్ వాటర్లూ నుంచి వేర్‌హామ్ దాకా రైలు. రైల్లో కుక్కకి టికెట్ లేదు. అక్కణ్నుంచి బస్సు ఊళ్లోనే దింపుతుంది, కాకపోతే కుక్కని ఎక్కించుకోవడం డ్రైవరు దయ.

ఈ కోట కాలానికి కూలింది కాదు, పట్టుబట్టి కూల్చింది. 1640ల్లో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో దీన్ని ఏలిన బ్యాంక్స్ కుటుంబం రాజు పక్షం. 1643లో భర్త ఊళ్లో లేకపోయినా మేరీ బ్యాంక్స్ ముట్టడిని తట్టుకుంది. 1646లో మాత్రం కోటలోని సైనికాధికారే ఒకడు శత్రువుల్ని లోపలికి రానిచ్చాడు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా! ఆ తర్వాత పార్లమెంటు ఆజ్ఞ ప్రకారం గోడల కింద తవ్వి, తుపాకిమందు పెట్టి పేల్చారు. లోపలి ద్వారం దగ్గర చూడండి, నిలువుగా చీలి ఒక సగం అలాగే నిలబడి కిందికి జారిపోయింది. దాని కింద నడుస్తుంటే నాకు గుండె దడ, పండుగాడికి మాత్రం గోడ వాసన మీదే ధ్యాస. పడిన రాళ్లలో చాలావాటిని ఊరివాళ్లు ఇళ్లకి వాడుకున్నారు, కాబట్టి కిందికి దిగి వీధిలో తిరిగినా కోటలో తిరిగినట్టే.

దారి ఏటవాలు, మెట్లు ఎగుడుదిగుడు. ముసలి కుక్కైతే సగంలో ఆగిపోవడం మంచిది. పైన గాలి జోరు, నీడ తక్కువ. నీళ్లూ గిన్నే మీరే తెచ్చుకోండి. చుట్టుపక్కల కొండల మీద గొర్రెలు మేస్తాయి, అక్కడ లీష్ వదలకండి. ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకాలి. టికెట్ దండగ అనిపిస్తే పక్కనున్న వెస్ట్ హిల్ ఎక్కండి. కోట, ఊరు, కింద పొగబండి, అన్నీ పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే ఫొటోలు అక్కణ్నుంచే బాగా వచ్చాయి.

ఆ పొగబండి స్వానేజ్ వెళ్తుంది. పిల్లలుంటే తప్పకుండా ఎక్కండి. కుక్క కోసమే అయితే వేసవిలో వద్దు, ఆ నెలల్లో అక్కడి పెద్ద బీచ్‌లోకి కుక్కల్ని రానివ్వరు.

బస మాత్రం నిరాశే. మేం దిగిన చోట కుక్కకి విడిగా డబ్బు తీసుకుని, టిఫిన్ గదిలోకి మాత్రం రానివ్వలేదు. గదిలో ఒంటరిగా వదలకూడదనీ నియమం! వంతులేసుకుని తిన్నాం. మళ్లీ వెళ్తే వంటగది ఉన్న చిన్న కాటేజీ తీసుకుంటాం, ఉప్మారవ్వ మాతోనే ఉంటుంది.