వెర్షన్ నంబర్: సెమ్‌వెర్ మేలా, తేదీ మేలా?

ప్రాజెక్ట్ గిట్‌హబ్‌లో పెట్టేశాం, వెర్షన్ నంబర్ ఏ పద్ధతిలో వెయ్యాలండీ అని మధురవాడ, గాజువాక వైపు ఇంజినీరింగ్ పిల్లలు ఈ మధ్య తెగ అడుగుతున్నారు. సెమ్‌వెర్ (1.4.3లా మూడంకెలు: పాత వాడకం చెడితే మొదటిది, కొత్తది చేరిస్తే మధ్యది, తప్పు దిద్దితే చివరిది పెంచడం), క్యాల్‌వెర్ (24.4లా వదిలిన ఏడాది, నెలనే నంబర్‌గా వెయ్యడం) ఏంటో వాళ్లకి తెలుసు, ఏది పెట్టాలన్నదే తేలట్లేదు. డీటీపీలో వాడే పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే మా చిన్న ప్రాజెక్టుకి నేను మొన్ననే రెండూ పెట్టాను. లైబ్రరీకి (అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌కి) సెమ్‌వెర్, దాని మీద కట్టిన డెస్క్‌టాప్ యాప్‌కి తేదీ.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే, ఆ నంబర్‌ని చదివేది ఎవరు?

లైబ్రరీ నంబర్‌ని మనుషులు పెద్దగా చూడరు, పిప్, ఎన్‌పీఎమ్, కార్గోలాంటి ప్యాకేజీ మేనేజర్లే, అంటే లైబ్రరీల్ని దించిపెట్టే టూల్సే చూస్తాయి. ఎవరో తన ప్రాజెక్టులో ~=1.4 అని రాసుకుని ఊరుకుంటాడు, అంటే 1.4 నుంచి పైకి ఏదొచ్చినా తీసుకో గానీ 2 మాత్రం వద్దు అని. రాత్రి మనం 1.5 వదిలితే, పొద్దున్న అతను కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు అడగా పెట్టకుండా అదే దిగిపోతుంది. అక్కడ ఉన్న ఒకే ఒక్క బ్రేకు ఆ మొదటి అంకె. తేదీ పెడితే ఆ బ్రేకు పోయినట్టే, ఎందుకంటే జనవరి రాగానే 24 కాస్తా 25 అవుతుంది, లోపల ఏమీ మారకపోయినా. అదే 25.3 నుంచి 25.4కి వెళ్లేటప్పుడు సగం ఫంక్షన్లు తీసేసినా ఆ నంబర్ చూసి మెషీన్‌కి తెలిసే దారి లేదు. పిప్ కూడా 2018లో 10 నుంచి 18కి దూకి తేదీల పద్ధతిలోకి వెళ్లింది కదా అంటారు. వెళ్లింది, కానీ పిప్ మనం టెర్మినల్‌లో నడుపుకునే టూల్, దాన్ని లైబ్రరీలా ఇంపోర్ట్ చేసుకోవద్దని పిప్ చేసేవాళ్లే చెప్తారు.

అలాగని సెమ్‌వెర్ ఏదో గ్యారంటీ కార్డు అనుకోకండి. కొన్ని పాత ఫైళ్లలో ‘ప్రభుత్వం’ అన్న మాటలో ర వత్తు, ప కంటే ముందే పడి ఉంటుంది, దాన్ని వెనక్కి జరపడమే మా లైబ్రరీ పని. ఎక్కడో ఒకచోట తప్పుగా జరుపుతోంది అనుకుందాం. వాడేవాళ్లలో ఒకరు విసుగొచ్చి, ఆ తప్పుని సరిచేసే నాలుగు లైన్లు తనే రాసుకున్నారు. ఇప్పుడు మనం తప్పు దిద్ది 1.4.3 వదిలితే ఆ నాలుగు లైన్లూ సరైన మాటని మళ్లీ చెడగొడతాయి. రూల్ ప్రకారం మనది చిన్న బగ్ ఫిక్స్, వాళ్లకి మాత్రం కొంప కొల్లేరు. నేనైతే అవుట్‌పుట్ ఎక్కువ మాటల్లో మారుతుంటే మధ్య అంకె పెంచి, ఛేంజ్‌లాగ్‌లో (ఏం మారిందో రాసే ఫైల్‌లో) మొదటి లైన్‌లోనే ఉదాహరణతో సహా రాస్తాను. పైథాన్ క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ సంగతి గుర్తుందిగా, 2021 ఫిబ్రవరిలో 3.4తో బిల్డ్‌కి (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి) రస్ట్ అనే వేరే భాష టూల్స్ కూడా కావాలన్నారు. ఆ మార్పు వల్ల ఏపీఐ (బయటివాళ్లు పిలిచే ఫంక్షన్లు) మారలేదు, అయినా బోలెడంతమంది బిల్డులు ఆగిపోయాయి. వాళ్లు అప్పటికి సెమ్‌వెర్ వాడట్లేదు, వాడినా ఆ రూల్ మొదటి అంకె మార్చమని చెప్పేది కాదు. ఆ ఏడాదే నంబరింగ్ పద్ధతి మార్చి ఏకంగా 35కి వెళ్లిపోయారు.

ఇక యాప్ దగ్గర కథ వేరు. అక్కయ్యపాలెంలో ఒక డీటీపీ షాపాయన ఫోన్ చేస్తారు, "బాబూ, క్ష దగ్గర డబ్బాలొస్తున్నాయయ్యా" అని. ఏ వెర్షనండీ అంటే, కింద మూల 23.11 అని ఉందంటారు. అంతే, 2023 నవంబర్‌ది, పాతది, కొత్తది దించుకోండి అని చెప్పి పెట్టేయొచ్చు. అక్కడ 2.7.1 అని ఉంటే అదెప్పటిదో నేనే వెతుక్కోవాలి. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 2004 అక్టోబర్‌లో 4.10తో మొదలుపెట్టి ఇప్పటికీ ఇదే నడుపుతోంది, 2006 ఏప్రిల్‌లో రావాల్సింది రెండు నెలలు లేటైతే నంబర్ కూడా 6.06 అయింది. ఒక్క జాగ్రత్త, 24.04లో నెల ముందు సున్నాని సెమ్‌వెర్ ఒప్పుకోదు, పైథాన్ వైపైతే దాన్ని 24.4 చేసేస్తుంది. కాబట్టి మొదటి నుంచీ సున్నా లేకుండా 24.4.0 అని పెట్టుకోండి.

0.9 దగ్గరే ఏళ్లకేళ్లు కూర్చునేవాళ్లకి ఒక మాట. సున్నాతో మొదలైతే ఎప్పుడైనా ఏదైనా మారొచ్చు అని అర్థం, అంటే వాడేవాళ్లకి మీరు ఏ మాటా ఇవ్వనట్టే. నలుగురు నిజం పనికి వాడుతుంటే 1.0 వెయ్యండి, టెన్షన్ ఏం లేదు. వెబ్‌పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీ 0.14 నుంచి 2016లో నేరుగా 15కి వెళ్లింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

లినక్స్ కెర్నెల్‌లా రెండో అంకె పెద్దదైపోయిందని మొదటిది పెంచడం దాన్ని నడిపే లైనస్ టోర్వాల్డ్స్‌కి చెల్లుతుంది. టెక్ (TeX) అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్‌లా నంబర్ లెక్కల్లోని పై (π) విలువకి దగ్గరవుతూ పోవడం ముచ్చటగా ఉంటుంది, మనకెందుకు.

ఎటూ తేలకపోతే సెమ్‌వెర్‌తోనే మొదలుపెట్టండి. 3.2 నుంచి ఎప్పుడైనా 26.1కి వెళ్లొచ్చు, కానీ 26.1 వదిలాక 4.0కి దిగితే ప్యాకేజీ మేనేజర్ల కంటికి అది పాతదే. పైథాన్‌లో 1!4.0 అని ముందు ఎపాక్ (ఇక్కడి నుంచి కొత్త లెక్క అని చెప్పే అంకె) పెట్టి దిగొచ్చు గానీ, ఆ ఆశ్చర్యార్థకం ఏంటని అడిగినవాళ్లందరికీ మీరే చెప్పుకోవాలి.