రెండు ఎస్ఎంపీఎస్‌లు కలిపేసి "60 ఆంప్స్ సెట్టు" అంటే కొనకండి: విజయనగరం వాళ్లకు హెచ్చరిక

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి పిక్సెల్ లైట్లు కొనబోయే కమిటీల వాళ్లు, ముఖ్యంగా నెల్లిమర్ల, గజపతినగరం వైపు నుంచి టౌన్‌కొచ్చి సామాను పట్టుకెళ్లేవాళ్లు జాగ్రత్త. 12 వోల్టుల 30 ఆంప్స్ ఎస్ఎంపీఎస్‌లు (ఇంటి కరెంటును లైట్లకు కావలసిన 12 వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బాలు) రెండు తీసుకుని, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపేసి 60 ఆంప్స్ సెట్టు అని అమ్ముతున్నారు. మా గుడి ఆర్చికి అదే అంటగట్టారు. "ఏటవుద్ది బాబూ, రెండూ కలిస్తే డబుల్ వచ్చేస్తాది కదా" అన్నాడు బిగించిన కుర్రాడు.

రాదు. మా ఆర్చికి 600 మాడ్యూళ్లు (చిన్న చిన్న లైటు ముక్కలు), ఒక్కోటి 0.72 వాట్. మొత్తం 432 వాట్లు, అంటే 36 ఆంప్స్. చెరో 18 లాగాలి కదా? అన్నీ తెల్లగా వెలిగించి క్లాంప్ మీటర్ పెడితే ఒకదాంట్లో 31, రెండోదాంట్లో 5. (క్లాంప్ మీటర్ అంటే వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది. డీసీ కొలిచేదే కావాలి, మామూలు ఏసీది ఇక్కడ పనికిరాదు.) మొదటి డబ్బా మీద చెయ్యి ఆనించలేకపోయాం, రెండోది చల్లగా ఉంది. కాసేపటికి మొదటిదాని టెర్మినల్ ప్లాస్టిక్ నల్లబడి, స్క్రూ చుట్టూ కరిగి కారింది. పక్కనే ఆర్చికి కట్టిన గుడ్డ, థర్మాకోల్. కింద పిల్లలు. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తోంది.

కారణం ఇదీ. ఏ రెండు సప్లైల వోల్టేజీ కచ్చితంగా ఒకటిగా ఉండదు. ఒకటి 12.1, ఇంకోటి 11.9 ఉందనుకోండి, ఎక్కువున్నదే దాదాపు లోడంతా నెత్తిన వేసుకుంటుంది. అది తన పరిమితికి చేరి వోల్టేజీ పడిపోయాకే రెండోది కదులుతుంది. కొన్ని రకాలైతే ఓవర్‌లోడ్ అనుకుని ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటాయి. లైట్లు టపటపా కొట్టుకునేది అందుకే.

పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి వోల్టేజీ సమానం చేశామంటారు, నమ్మకండి. వేడెక్కేసరికి మళ్లీ తేడా వస్తుంది. డయోడ్ పెట్టామన్నా అంతే. ఒకటి పాడైతే రెండోదాని కరెంటు దాంట్లోకి వెనక్కి పోకుండా డయోడ్ ఆపుతుంది, లోడ్ సమానంగా పంచడం మాత్రం దానివల్ల కాదు. కలిపి వాడటానికే చేసిన సప్లైలు వేరే ఉంటాయి. వాటిలో కరెంట్ షేరింగ్ ఏర్పాటు ఉంటుంది, ఎన్ని కలపొచ్చో డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) రాసి ఉంటుంది. అది చూపించలేకపోతే కలపనివ్వద్దు.

మనకు అంత ఖరీదైనవి అక్కర్లేదు కూడా. లైట్లనే రెండు భాగాలు చేసి, 300 మాడ్యూళ్లకు ఒక సప్లై, మిగతా 300కి ఇంకోటి ఇప్పించండి. రెండు భాగాల మధ్య ప్లస్ వైరు కత్తిరించేయాలి. మైనస్‌లు మాత్రం కలిపే ఉంచాలి, లేకపోతే కంట్రోలర్ (లైట్లను ఆడించే పెట్టె) సిగ్నల్ రెండో భాగానికి సరిగ్గా అందదు. మా ఆర్చికి ఇప్పుడు ఇలాగే మార్పించాం, రెండు డబ్బాలూ ఒకేలా గోరువెచ్చగా ఉంటున్నాయి. 30 ఆంప్స్ దానిమీద 24కి మించి లోడ్ పెట్టనివ్వకండి.

కాలిపోయింది తీసుకెళ్తే "మీరే ఓవర్‌లోడ్ చేశారు, వారంటీ లేదు" అన్నారు. బిగించింది వాళ్లే! కాబట్టి బిల్లు మీద మోడల్ నంబరు, ఎన్ని ఆంప్స్ అని చెప్పి అమ్మారో, బిగించింది ఎవరో రాయించుకోండి, కనెక్షన్ ఫొటో తీసుకోండి. మార్చి ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.