డెమో స్లైడుకీ మన స్లైడుకీ తేడా

మా ల్యాబ్‌లో చీకటి గదిలో కూర్చుని చూసేవి రెండే: కిడ్నీ బయాప్సీల ఇమ్యునోఫ్లోరసెన్స్ (వెలిగే యాంటీబాడీలతో చేసే పరీక్ష), రొమ్ము క్యాన్సర్‌కి హెర్2 ఫిష్ (కణాల్లో హెర్2 జన్యువు ఎన్ని కాపీలుందో వెలిగే చుక్కలుగా చూపే పరీక్ష). వీటికోసం ఫ్లోరసెంట్ స్లైడ్ స్కానర్, అంటే ఇలా వెలిగే స్లైడ్లని ఫోటో తీసి కంప్యూటర్‌లో చూపే మెషిన్, కొందామని పట్టుబట్టింది నేనే. కాబట్టి మంచీ చెడూ నేనే చెప్పాలి. కంపెనీల పేర్లు మాత్రం అడక్కండి.

మూడు మెషిన్లు చూశాం. కంపెనీవాళ్లు తెచ్చిన స్లైడ్లన్నీ మూడింట్లోనూ జిగేల్‌మన్నాయి. అప్పుడు నేను సీ3 (కిడ్నీలో పేరుకునే ఒక రోగనిరోధక ప్రోటీన్) లీలగా ఉన్న మా ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి కోసిన టిష్యూ పొర) ఒకటి తీసిచ్చాను. మొదటి మెషిన్ 'టిష్యూ లేదు' అనేసింది. అది ముందుగా మామూలు వెలుతురులో ఫోటో తీసి టిష్యూని వెతుక్కుంటుంది. రంగు వేయని సెక్షన్ గాజు మీద నీటి మరకలా ఉంటే దానికేం దొరుకుతుంది? కణకేంద్రకాలని నీలంగా వెలిగించే డాపీ కూడా వేయలేదాయె. రెండోది టిష్యూని పట్టుకుంది గానీ, ఎక్స్‌పోజర్ తనంతట తాను పెంచేసుకుని లీలగా వెలిగే 1+ని గట్టిగా వెలిగే 3+ చేసిపెట్టింది. అసలు వెలగకూడని నెగటివ్ కంట్రోల్ స్లైడు కూడా పచ్చగా వెలిగింది! మూడోదాంట్లో ఒక్కో యాంటీబాడీకి ఎక్స్‌పోజర్ బిగించి పెట్టుకోవచ్చు, స్కాన్ చేయాల్సిన చోటు చేత్తో గీసివ్వొచ్చు. అదే కొన్నాం.

ఫిష్‌కి వేరే తిప్పలు. నాలుగు మైక్రాన్ల సెక్షన్‌లో చుక్కలన్నీ ఒకే లోతులో ఉండవు. ఒక్క పొరే స్కాన్ చేస్తే నాలుగు చుక్కలున్న కణంలో రెండే కనిపించొచ్చు. అందుకని ఐదు పొరలు తీస్తాం. బ్రోషర్‌లో వేసే నిమిషాల లెక్క హెచ్‌అండ్‌ఈ అనే మామూలు రంగు వేసిన స్లైడుది, దాన్ని నమ్ముకోకండి. పైగా 15 మిల్లీమీటర్ల చదరాన్ని పిక్సెల్‌కి 0.25 మైక్రాన్ చొప్పున, 16 బిట్లలో తీస్తే ఒక్క ఛానెలే (ఒక్క రంగు వెలుగే) 7.2 జీబీ. మూడు ఛానెళ్లు, ఐదు పొరలు అంటే కుదించకముందు 108 జీబీ. ఈ లెక్క విన్నప్పుడు మా ఐటీ అబ్బాయి ముఖం చూడాల్సింది. ఇప్పుడు ట్యూమర్ ఉన్న చోట చిన్న గడి గీసి, అంతే స్కాన్ చేస్తున్నాం.

ఎల్‌ఈడీ వెలుగు హాయి. మెర్క్యురీ బల్బు గంటలు రిజిస్టర్‌లో రాసుకునే పని తప్పింది.

ఒకసారి కవర్‌స్లిప్ కింది గ్లిజరిన్ కారి స్లైడు ట్రేకి అతుక్కుపోయింది. సర్వీసు మనిషి నాలుగో రోజుకి గానీ రాలేదు. అప్పట్నుంచి అంచులకి నెయిల్ పాలిష్ పూసి, ఆరాకే పెడుతున్నాం.

పాత మైక్రోస్కోపు తీసేయమన్నారు. తీయలేదు. హెర్2 చుక్కలకీ, అదే క్రోమోజోము సెంట్రోమియర్ చుక్కలకీ ఉన్న రేషియో పాజిటివ్ గీతైన 2.0 దగ్గర అటూఇటూ ఊగే కేసు వస్తే ఇప్పటికీ ఆయిల్ లెన్సు కింద నేనే లెక్కపెడతాను.