ఆమ్‌స్టర్‌డామ్‌లో రైస్టాఫెల్: 99.55 యూరోలు పోయాక తెలిసిన సంగతులు

లైడ్సెప్లైన్ అనే కూడలి పక్క సందుల్లో ఒక రాత్రి మేం ముగ్గురం భోజనానికి కట్టిన బిల్లు 99.55 యూరోలు. మా అత్తయ్యగారు తిన్నది మాత్రం ఉత్త తెల్లన్నం, ఊరబెట్టిన కీరదోస ముక్కలు. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. గదికి వచ్చాక బ్యాగులోంచి అటుకుల పొట్లం తీసి, గ్లాసులో నానబెట్టుకుని తిన్నారు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో శాకాహారులున్న వాళ్లెవరూ ఇలా ఇబ్బంది పడకూడదని రాస్తున్నాను.

నాలుగు రోజుల ట్రిప్పులో మ్యూజియాలు, కాలువల్లో పడవ షికారు అన్నీ బాగానే జరిగాయి. రైస్టాఫెల్ తినాలన్నది మా ఆయన కోరిక. డచ్చి భాషలో ఆ మాటకు అర్థం 'అన్నం బల్ల'. మధ్యలో అన్నం, చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో పది, పదిహేను, ఒక్కోచోట ఇరవై రకాల ఇండోనేషియా కూరలు. విస్తట్లో అన్నీ వడ్డించుకుని తినే మనకు నచ్చని భోజనమా! హైదరాబాద్‌లో విమానం ఎక్కకముందు నుంచే ఆయన ఆ మాటే చెబుతున్నారు.

మొదటి రాత్రి రిజర్వేషన్ లేకుండా బయల్దేరడం మేం చేసిన తప్పు. ఒక హోటల్ ముందు మెనూ కార్డు పట్టుకుని నిలబడిన మనిషి 'పదహారు రకాలు, మనిషికి 24.50 యూరోలే' అని లోపలికి పిలిచాడు. గుమ్మంలోనే నేను అడిగాను, ఒకరికి మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండకూడదని. 'నో ప్రాబ్లమ్' అన్నాడు.

గిన్నెలు వచ్చాక లెక్కపెట్టాను. తెల్లన్నం ఒకటి, పసుపన్నం ఒకటి, మిరపకాయ ముద్దలు రెండు, రొయ్యల అప్పడాలు, వేయించిన ఉల్లిపాయలు, కీరదోస ముక్కలు, వేయించిన కొబ్బరి కోరు. ఎనిమిది రకాలు ఇక్కడే అయిపోయాయి! కూరలు మిగిలిన ఎనిమిదే. వాటిలో సగం అప్పటికే చల్లారిపోయి, గొడ్డుమాంసం రెండాంగ్ మీద నూనె తెల్లగా పేరుకుంది. రెండాంగ్ అంటే కొబ్బరిపాలల్లో గంటల తరబడి ఉడికి, దగ్గరపడి, ముదురు రంగుకు రావాలి. మాకు వచ్చింది పల్చటి పులుసు.

అత్తయ్యగారి ముందు బీన్స్ కూర పెట్టారు. ఆవిడ చెంచా నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయారు. 'ఎండురొయ్యల వాసనొస్తోందమ్మాయ్' అన్నారు. ఆవిడది అమలాపురం. తినకపోయినా, సంతలో ఆ వాసన తెలియకుండా ఎవరూ పెరగరు అక్కడ. నేను వెయిటర్‌ని అడిగితే 'ఓన్లీ వెజిటబుల్' అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. మూడోసారి మా ఆయన లేచి నిలబడితేగాని వంటగదిలోకి వెళ్లి కనుక్కోలేదు. తిరిగొచ్చి, 'కొంచెం ట్రాసి ఉంటుంది, అది మసాలాయే' అన్నాడు. ట్రాసి అంటే పులియబెట్టిన రొయ్యల ముద్ద. మనం ఇంగువ వేసినంత మామూలుగా చాలా ఇండోనేషియా కూరల్లో వేస్తారు. వేయడం తప్పు కాదు. అడిగినా చెప్పకపోవడం తప్పు.

బిల్లులో భోజనాలు 73.50, రెండు నీళ్ల సీసాలు 13, ఇంకోసారి అన్నం అడిగినందుకు 4. ఆ మొత్తం మీద 'సర్వీసు' అని పది శాతం, 9.05. నెదర్లాండ్స్‌లో మెనూ మీద వేసిన ధరలోనే పన్ను, సర్వీసు కలిసి ఉండాలి, టిప్పు మన ఇష్టం. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు ట్రామ్‌లో మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తన కోరిక వల్ల అమ్మ పస్తున్నదని ఆయన బాధ.

మర్నాడు, పక్క ఊరు ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉండే మా మరిది వచ్చాడు. 'వదినా, నాకు ఒక్క ఫోన్ చేయాల్సింది' అని, చాలా విషయాలు చెప్పాడు. బోర్డు మీద 'ఇండిస్' అని ఉంటే మన ఇండియా అనుకోకూడదు. అది పాత డచ్చి ఈస్టిండీస్, అంటే ఇండోనేషియా. మన వంటకు వాళ్లు 'ఇండియాస్' అని రాస్తారు. 'చైనీస్ ఇండిస్' అని ఉంటే చైనా వంటలో ఇండోనేషియా రుచులు కలిపిన హోటల్. అసలు రైస్టాఫెల్ కోసం వెళ్లేవాళ్లకు అది సరిపోదు. ఈ భోజనం పద్ధతి కూడా జావా, సుమత్రాల్లో ఉన్న డచ్చి దొరలు పెంచిందే. బటావియా (ఇప్పటి జకార్తా) పెద్ద హోటళ్లలో వెయిటర్లు ఒక్కొక్క గిన్నె పట్టుకుని వరసగా వచ్చి వడ్డించేవారట. 1949 డిసెంబర్ 27న డచ్చివాళ్లు ఇండోనేషియా స్వాతంత్ర్యాన్ని గుర్తించారు. ఆ కాలంలోనూ, తర్వాతి ఏళ్లలోనూ అక్కణ్నుంచి దాదాపు మూడు లక్షల మంది నెదర్లాండ్స్‌కు వచ్చేశారు. వాళ్లతో పాటు వంటా వచ్చింది. అందుకే ఈ భోజనం ఇప్పుడు జకార్తాలో కంటే ఇక్కడే తేలిగ్గా దొరుకుతుంది.

మధ్యాహ్నం ఆల్బర్ట్ కౌప్ మార్కెట్ దగ్గర ఒక టోకోకు తీసుకెళ్లాడు. టోకో అంటే సరుకులు, వండిన కూరలు రెండూ అమ్మే చిన్న కొట్టు. మన కర్రీ పాయింట్ లాంటిదే. అద్దాల వెనక పళ్లేల్లో కూరలు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడకు మరిది డచ్చిలో చెప్పాడు. ఆవిడ గరిటె తీసుకుని ఒక్కొక్క పళ్లెం అంచు మీద తట్టుతూ వచ్చింది: ఇందులో ట్రాసి ఉంది, ఇందులో ఉంది, ఇందులో లేదు. టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) ముక్కల వేపుడు, కొబ్బరిపాల కూర, తర్వాత బెల్లం రంగులో ఉన్న ఇంకో కూర. అత్తయ్యగారు ఆ మూడోది ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని నా చెయ్యి పట్టుకున్నారు. 'ఇది మన పనసకాయే!'

నిజంగా పనసకాయే. గుడెగ్ అంటారు, జావాలోని యోగ్యకర్త వైపు వంట. లేత పనసకాయను కొబ్బరిపాలల్లో, తాటిబెల్లంలో పీచుపీచుగా విడిపోయేదాకా ఉడికిస్తారు. మన ఆవ పెట్టిన పనసపొట్టు కూరకు, దీనికి రుచిలో పోలిక లేదు, ఇది బాగా తీపి. కానీ పళ్లకింద ఆ పీచు నలిగే తీరు మాత్రం అచ్చం అదే. అన్నం మీద నాలుగైదు కూరలు పెట్టి ఇచ్చేదాన్ని నాసి రామెస్ అంటారు. మాంసంతో 11.50, అత్తయ్యగారికి మాంసం లేకుండా 10.50. ఒంటరిగా వెళ్లేవాళ్లకు నా సలహా ఇదే. ఎందుకంటే రైస్టాఫెల్ చాలాచోట్ల కనీసం ఇద్దరికి తప్ప ఇవ్వరు.

శనివారం రాత్రికి ఆమ్‌స్టెల్‌వేన్ రోడ్డులోని బ్లౌ అనే హోటల్లో మరిది ముందే టేబుల్ రిజర్వ్ చేశాడు. ఇక్కడ శాకాహార రైస్టాఫెల్ వేరే ఉంది. మరిది శనివారం మాంసం ముట్టడు కాబట్టి అత్తయ్యగారికి జోడీ కుదిరింది. ట్రాసి, గుడ్డు సంగతి రిజర్వేషన్‌లోనే రాయించాం, కూర్చున్నాక మళ్లీ అడిగాం. మొదటి రాత్రికన్నా ఖర్చు ఎక్కువే అయింది, నాకు ఒక్క యూరో కూడా బాధనిపించలేదు. రెండాంగ్ ముక్క చెంచా తగిలితే విడిపోయింది. మా ఆయన ఆ గిన్నెను అన్నంతో తుడిచి తిన్నారు, రెండు రోజుల తర్వాత మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టారు. సమా సెబో, టెంపో డూలూ అని ఊళ్లో పేరున్నవి ఇంకా ఉన్నాయి. వాటికి వెళ్లడానికి మాకు రోజులు చాల్లేదు. ఎక్కడికి వెళ్లినా ముందు రిజర్వ్ చేసుకోండి. వీధిలో నిలబడి పిలిచేచోటికి మాత్రం వెళ్లకండి.

ఆదివారం స్కిఫోల్ విమానాశ్రయానికి బయల్దేరే ముందు అత్తయ్యగారు ఆ టోకోకు ఇంకోసారి తీసుకెళ్లమన్నారు. పావుకిలో గుడెగ్, 5.75 యూరోలు. బయట బెంచీ మీద కూర్చుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని, అడుగున ఉన్న రసం దాకా తిన్నారు. ఆవిడ తినడం అయ్యేదాకా ఆగి, తర్వాతి రైలుకు వెళ్లాం.